నాలుగో గేరులో ఈల

దాలయ్య బానెట్ కింద నడుం దాకా దూరిపోయి టర్బో పక్కనున్న గాలి స్క్రూని పావు చుట్టు తిప్పాడు. కారెక్కి, షెడ్డు వెనక సందులో రెండో గేరులో ఒకసారి తోలి వచ్చి, మళ్లీ దూరాడు. ఇది మూడోసారి. ఈసారి తోలినప్పుడు గాలి ఒత్తిడి మీటరు ముల్లు పద్దెనిమిది పౌండ్ల దగ్గర నిలిచింది. హమ్మయ్య అనుకుని బానెట్ మూశాడు.

బక్కపలచని మనిషి. యాభై ఎనిమిదేళ్లు. గోళ్ల చుట్టూ ఏ సబ్బుకీ లొంగని నలుపు. మొదట్లో సముద్రం ఒడ్డున పడవల ఇంజిన్లు బాగుచేసేవాడు. కాశీబుగ్గలో హైవే పక్కనున్న తారకేశ్వరరావు షెడ్డులో టర్బోలు బిగించడం మొదలుపెట్టి ఇరవై రెండేళ్లు. ఇచ్ఛాపురం దాకా డ్రైవర్లకి ఆయన పేరు తెలియకపోయినా "సెవితో సూసీ ముసలోడు" అంటే షెడ్డు చూపిస్తారు.

టర్బో అంటే ఇంజినుకి ఊదుగొట్టం. ఒకటో గేరులో బండి ఇట్టే లేచిపోతుంది, ఊదడానికి వ్యవధే ఉండదు. రెండులో కాస్త నయం. నాలుగులో, అందులోనూ జనంతో ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజినుకి బరువు తగులుతుంది. అప్పుడు ఊదుతుంది అసలు ఊపిరి. అందుకే ముల్లు ఒక్కో గేరుకి ఒక్కో చోట ఆగుతుంది. పద్దెనిమిది రావలసింది నాలుగులో. రెండులోనే రప్పిస్తే నాలుగులో పాతిక దాటి ఇంజినుని మింగేస్తుంది. షెడ్డులో చేరిన ప్రతివాడికీ ఈ మాట తిట్టి మరీ నేర్పిన దాలయ్యే ఇవాళ రెండులో పద్దెనిమిది పెట్టాడు.

భయం అలాంటిది. ఒకప్పుడు మీటరు వంక చూసేవాడే కాడు. హైవే మీద కళ్లు మూసుకుని కూర్చుంటే టర్బో గొంతే అంతా చెప్పేది. దీపావళి నుంచీ ఆయన చెవికి ఆ గొంతు సన్నబడి, ఈమధ్య పూర్తిగా పోయింది. ఈ సంగతి బయటపడితే పనిపోతుంది. అందుకే ఎవరినీ పక్కన కూర్చోబెట్టుకోకుండా సందులోనే పని కానిచ్చాడు. భార్య సన్యాసమ్మకి మాత్రం తెలుసు. రెండు నెలలుగా ఆవిడ ఎదురుగా నిలబడి అరిచి మాట్లాడుతోంది. మొగుడూ పెళ్లాలు దెబ్బలాడుకుంటున్నారని వీధివాళ్ల సంబరం.

పదకొండింటికి యువరాజు వచ్చాడు. కారు అతనిదే. కవిటి నుంచి డయాలసిస్‌కి, అంటే రక్తశుద్ధికి, వెళ్లే కిడ్నీ రోగులను వారానికి మూడుసార్లు పలాస ఆసుపత్రికి తెచ్చి దింపుతాడు. ఆరుగురెక్కితే పాత బండి లాగలేక పెద్ద టర్బో పెట్టించాడు.

"మావా, ఎక్కు. ఓపాలి హైవే మీద సూసొద్దుం," అన్నాడు.

దాలయ్యకి తప్పలేదు.

హరిపురం వైపు మళ్లారు. యువరాజు పెదవులు కదులుతున్నాయి. దాలయ్య తల ఊపుతున్నాడు. మూడో గేరులో ముల్లు ఇరవై రెండు. నాలుగులో ఇరవై ఆరు. యువరాజు మొహం చిట్లించి ఇటు తిరిగి అరిచాడు.

"ఈ ఈల ఏటి మావా? సెవులు సిల్లులు పడిపోతన్నాయి. నీకు ఇనబడ్నేదా?"

దాలయ్య చూస్తున్నది ముల్లుని. "కాలు తియ్యి! తీసియ్యి!" అని అరిచాడు.

జీడితోట పక్కన బండి ఆగింది. దాలయ్య దిగి బానెట్ ఎత్తాడు. స్క్రూ వెనక్కి తిప్పి, కొత్త టర్బో మొదట్లో ఇలాగే ఈలేస్తాదని అంటే చాలు, యువరాజు నమ్ముతాడు. పని నిలుస్తుంది. అబద్ధం నోటిదాకా వచ్చింది కూడా. వెనక సీటు మీద ఎవరో పేషెంటు కోసం పరిచిన దుప్పటి, నూనె మరకల దిండు పక్క కిటికీ అద్దంలోంచి కనబడ్డాయి. దాలయ్య స్క్రూ మీంచి చెయ్యి తీసేశాడు.

"నాకు ఇనబడ్నేదు యువరాజూ. దీపాల పండగ కాడ్నుంచీ ఇనబడ్డం నేదు. సెవిటోడి ముందు సంకం ఊదినట్టే, నా ముందు టర్బో. రెండులో పెట్టీసినాను. తప్పు నాదే."

యువరాజు ఎదురుగా వచ్చి నిలబడి, గట్టిగా అడిగాడు.

"ఇప్పుడేటి సేద్దుం మావా?"

"నువ్వు ఇను. ఈల వొత్తే నా బుజం మీద కొట్టు."

అదే రోడ్డు మీద అయిదుసార్లు తిరిగారు. యువరాజు తోలుతూ వింటున్నాడు, దాలయ్య ముల్లు చూస్తున్నాడు. భుజం మీద దెబ్బ పడ్డప్పుడల్లా బండి ఆపి, దిగి, స్క్రూ తిప్పాడు. అయిదోసారి నాలుగో గేరులో ముల్లు పద్దెనిమిది దగ్గర నిలిచింది, భుజం మీద చెయ్యి పడలేదు. ఇన్నేళ్లలో అంత ఇష్టంగా ఏ పనీ చేయలేదనిపించింది దాలయ్యకి.

షెడ్డుకి తిరిగొచ్చి తారకేశ్వరరావుకి తనే చెప్పాడు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "బోల్టులు బిగించుకుంటూ ఉండిపో దాలయ్యా. ఎక్కడికెల్తావు?" అన్నాడు. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు.

"వొద్దు బాబూ. నా సెయ్యి పడిన బండంటే జనం కళ్లు మూసుకుని ఎక్కాల. ఇంక అలాగ ఎక్కరు."

కిరసనాయిలుతో చేతులు కడుక్కున్నాడు. భోజనాల వేళకే బస్సెక్కి వెళ్లిపోయాడు. అంత పెందలాడే ఆయన ఇల్లు చేరడం ఇరవై రెండేళ్లలో అదే మొదలు.

సాయంత్రం పేషెంట్లతో కవిటి నుంచి పలాస వచ్చే దారిలో ఎండ కళ్లలో పడుతుంటే యువరాజు ముందు అద్దం పైనున్న ఎండ రేకు దించాడు. దాని లోపలివైపు, నల్ల టేపుతో అంటించిన బేరింగు డబ్బా అట్టముక్క. దాని మీద బాల్‌పెన్నుతో వంకర అక్షరాలు: "ఒకటిలో తొమ్మిది. రెండులో పదమూడు. మూడులో పదహారు. నాలుగులో, అయిదులో పద్దెనిమిది. ఈల ఇనబడితే కాలు తీసియ్యాల."