ఆర్లీన్‌కు రెండు ఎర్ర గీతలు

మిషిగన్ ఉత్తరపు కొసన, సరస్సు ఒడ్డున ఉన్న స్కౌట్ల శిబిరంలో ఆర్లీన్ కొక్కొనెన్ పదమూడేళ్లుగా గరిటె తిప్పుతోంది. పదకొండేళ్ల కిందట ఆమెను, సేవ చేసేవాళ్లను ఎంచుకునే స్కౌట్ల బాణం సంఘంలోకి తీసుకున్నారు. చేరే రోజంతా, నియమం ప్రకారం పెదవి విప్పకుండా, అరకొర తిండితో కట్టెలు మోసి, ఎర్ర బాణం గుర్తున్న తెల్లని భుజపట్టీ అందుకుంది.

పైమెట్టు ఎక్కినవాళ్ల పట్టీ మీద బాణానికి రెండు కొసలా ఎర్ర గీతలుంటాయి. ఆర్లీన్‌కు ఎప్పుడో రావలసినవే. కానీ ఆ పైమెట్టు వేడుక జరిగే ప్రతి వసంతపు ఉదయమూ ఆమె నూట నలభై మందికి అట్లు పోస్తూ ఉండేది. నన్ను పంపండని అడగడానికి నోరు రాలేదు.

ఈసారి సంఘం నాయకురాలు, పదిహేడేళ్ల మేసీ ట్రూడో, ముందురోజు మధ్యాహ్నమే వంటింటి గుమ్మంలో నిలబడింది.

“మిస్ ఆర్లీన్, రేపు పొద్దున మీరు మాతో వస్తున్నారు.”

“అట్లు మీ తాత పోస్తాడా?”

“మా తాత కాదు, వెర్లిన్ గారు పోస్తారు.”

సంఘానికి పెద్దదిక్కయిన వెర్లిన్ హాచ్ ఆమె వెనక నుంచి తల ఊపాడు.

“మాడ్చేస్తావయ్యా!” అంది ఆర్లీన్.

“మాడితే మాడాయి. తినేది స్కౌట్లు. రాళ్లయినా అరిగించుకుంటారు.”

మేసీ మెట్ల మీద కూర్చుని పైమెట్టుకు ముందు పెట్టే పరీక్ష పెట్టింది. సంఘం ప్రతిజ్ఞలో ఆర్లీన్ రెండుచోట్ల తడబడి, మళ్లీ మొదటి నుంచి అప్పజెప్పింది.

“ఇన్నేళ్లలో మీరు చేసిన సేవేమిటి?”

“వండాను.”

“అది మీ ఉద్యోగం. అది కాకుండా?”

“ఇంటి మీద బెంగతో తిండి ముట్టనివాళ్లు ఇక్కడికొస్తారు. వాళ్ల చేత బఠానీలు ఒలిపిస్తాను. ఒలుస్తూ ఒలుస్తూ తినేస్తారు. అంతే.”

మేసీ కాగితం మీద ఏమీ రాయలేదు. “నేనూ ఒలిచాను, మొదటి ఏడాది,” అని లేచింది.

తెల్లవారేసరికి సరస్సు కనబడలేదు. నీళ్లూ ఆకాశమూ పొగమంచులో ఒకే తెలుపుగా కలిసిపోయాయి. ఎనిమిది మంది, ముందువాళ్ల భుజం మీద చెయ్యేసి, మౌనంగా ఒడ్డు వెంబడి నడిచారు. ఆర్లీన్ అందరికంటే చివర. మంచులో పైన్ చెట్లు ఒక్కొక్కటే ఎదురొచ్చి, పలకరించినట్టు ఆగి, వెనక్కి వెళ్లిపోతున్నాయి. తను నడుస్తోందో, నేలే కదులుతోందో ఆమెకు తెలియలేదు.

అప్పుడు నీళ్ల మీద ఒక నల్లని పక్షి తేలుతూ వచ్చింది. దాని వీపు మీద గుప్పెడంత పిల్ల. ఆర్లీన్ చెయ్యి భుజం మీద నుంచి ఎప్పుడు జారిందో గాని, పక్షి మంచులో కరిగిపోయాక చూస్తే ముందు ఎవరూ లేరు.

కేకేయకూడదు. మౌనం నియమం. పదమూడేళ్లు ఈ సరస్సు ఆమెకు వంటింటి కిటికీలోంచి చూసినంత మేరే. ఇంతలో వెనక నుంచి మాడిన అట్ల వాసన సన్నగా తేలివచ్చింది. కాళ్లు తమంతట తామే అటు తిరిగాయి. పెనం దించాలి, పిండి పలచన చెయ్యాలి... రెండడుగులు వేసి ఆగింది. ఆ వాసన వచ్చేది వంటింటి నుంచయితే, దాన్ని వీపు వెనక ఉంచుకుంటే చాలు, దారి తప్పదు.

అలాగే నడిచింది. చల్లగా, మెత్తగా, ఎంతసేపో. భయం వేయలేదు. చిన్నప్పుడు జ్వరంలో అమ్మ ఒళ్లో తేలుతున్నట్టు ఉండేదే, అలా ఉంది.

మంచులో ఎర్రగా ఒక చుక్క కనిపించింది. దగ్గరికెళితే మంట. దాని చుట్టూ ఏడుగురూ కదలకుండా నిలబడి ఉన్నారు. మేసీ వేడుక మొదలుపెట్టలేదు. ఎనిమిదో మనిషికి చోటు వదిలి ఎదురుచూస్తోంది. ఆర్లీన్ వెళ్లి ఆ చోట్లో నిలబడింది.

ఆ తరవాత అన్న మాటలు బయటికి చెప్పేవి కావు. చివర మేసీ కొత్త పట్టీని ఆమె భుజం మీదుగా వేసింది. ఆర్లీన్ ఎర్ర గీతలను వేలితో తడిమింది. కుట్టు గరుకుగా తగిలింది.

“పదండి, అట్లు చల్లారిపోతాయి,” అంది మేసీ. ఇప్పుడు మాట్లాడవచ్చు.

“మీరు పదండి. ఆ రాళ్లగుట్ట అవతల ఏముంది?”

“ఏమీ లేదు మిస్ ఆర్లీన్. ఇంకాస్త సరస్సు.”

“అయితే చూసొస్తాను,” అని ఆర్లీన్ విడిపోతున్న మంచులోకి అటుగా నడిచింది.