నాలుగు కిలోలు

గిలకలదిండి రేవులో రొయ్యలు కొనే నాగమల్లేశ్వరిని మోసం చేసేవాడు ఇంకా పుట్టలేదు. తూకం పెరగాలని ఎవరైనా నీళ్ళలో నానేసిన సరుకు తెస్తే, వేలితో ఒక్క నొక్కు నొక్కి, "ఇవి రొయ్యలా, నీళ్ళ సంచులా?" అని నలుగురిలో కడిగేస్తుంది. అలాంటి మనిషి సొంత మొగుడి దగ్గరే బోల్తా పడింది.

మొగుడు గణపతికి బ్లడ్ క్యాన్సర్. చిగుళ్ళలో నెత్తురు ఆగడం లేదని బెజవాడ తీసుకెళ్తే బయటపడింది. డాక్టరు హేమగారు ఓపిగ్గానే చెప్పింది.

"తెల్లకణాలు పుట్టాక ఎదగాలండీ. ఎదగమని జన్యువుల నుంచి వాటికి కబురు వెళ్ళాలి. ఈయనకి రెండు జన్యువులు విరిగి ఒకదానికొకటి అతుక్కుని ఆ కబురుకి అడ్డం పడ్డాయి. అందుకే ఎదగని పసికణాలే కుప్పలు తెప్పలుగా నిండిపోయాయి. ఈ బిళ్ళలు ఆ అడ్డం తీసేస్తాయి. నయమయ్యే రకమే, భయపడకండి."

మూడు వారాలు ఆస్పత్రిలో ఉంచి, అవే బిళ్ళలు వాడమని ఇంటికి పంపిస్తూ, రోజూ బరువు చూసి తేడా వస్తే వెంటనే ఫోన్ చెయ్యమంది. తేడా అంటే తగ్గడమేనని మల్లేశ్వరి అనుకుంది. అనుకోదూ మరి! జబ్బు మనిషి చిక్కిపోతే ఏడుస్తాం గానీ, ఒళ్ళు చేస్తే ఎవరైనా భయపడతారా?

రొయ్యల కాటా మీదే పొద్దున్నే నిలబెట్టేది. మొదటి రోజు యాభై ఎనిమిది. నాలుగు రోజులు తిరిగేసరికి అరవై రెండు! అత్త అంకమ్మ సంబరం పట్టతరం కాలేదు. "నా కొడుకు బుగ్గలు చూడండే!" అని వీధంతా చాటి, ఆ కబురు చెప్పడానికి అవనిగడ్డలో ఉన్న కూతురింటికి బస్సెక్కేసింది.

ఆ మధ్యాహ్నం గణపతి అన్నం కంచం పక్కకి తోసేశాడు.

"వద్దే. పడుకుంటే ఊపిరాడట్లేదు. ఇంకో దిండు పెట్టు."

"రెండు ముద్దలన్నా తినయ్యా. నాలుగు రోజులుగా ఇదే వరస, గుక్కెడు గంజి తప్ప..."

మాట మధ్యలోనే ఆగిపోయింది. తిండి లేని మనిషికి నాలుగు కిలోలు ఎక్కడివి?

చెయ్యి దానంతటదే అతని కాలి మీదికి వెళ్ళింది. చీలమండ పైన బొటనవేలితో నొక్కింది. గుంట పడింది. వేలు తీసినా గుంట పూడలేదు. వెంటనే డాక్టరుకి ఫోన్ కలిపింది.

ఫోన్లో హేమగారి గొంతే మారిపోయింది. "నాలుగు రోజుల నుంచి పెరుగుతుంటే ఇప్పుడా చెప్పేది! బిళ్ళలు ఆపెయ్యండి. ఆక్సిజన్ ఉన్న అంబులెన్సులో వెంటనే బయల్దేరండి."

పామర్రు దాటేసరికి గణపతి పెదాలు నీలం తిరిగాయి. "ఓరి దేవుడోయ్! ఇటు చూడవయ్యా!" అని దారి పొడుగునా అతని చెంపలు తడుతూనే ఉంది.

ఆస్పత్రిలో మాస్కు పెట్టి, నరానికి ఇంజెక్షన్ ఇచ్చాక హేమగారు బయటికొచ్చింది.

"మందు పనిచెయ్యక కాదమ్మా, పనిచేసే ఇలా అయింది. కబురు అందగానే పసికణాలన్నీ ఒక్కసారే ఎదగడం మొదలెట్టాయి. కొందరికి అవి ఊపిరితిత్తుల్లోకి దూరి, ఇంకా రమ్మని మిగతావాటిని కూడా పిలుస్తాయి. రక్తనాళాల్లోంచి నీరు ఒంట్లోకి కారిపోతుంది. మీరు చూసిన బరువంతా ఆ నీరే."

బతికించే మందే మనిషిని లోపల్నుంచి ముంచేస్తుందా? ఇదెక్కడి ఘోరమనుకుంది మల్లేశ్వరి.

"బతుకుతాడా అమ్మా?" అంది.

"ఇప్పుడిప్పుడే కాస్త తేరుకుంటున్నాడు. రేపటిదాకా ఆగుంటే మాత్రం దక్కేవాడు కాదు."

ఆమె అక్కడే గోడకి జారగిలబడి కూర్చుంది. ఆ నాలుగు పొద్దులూ అంకె పెరిగినప్పుడల్లా తను ఎలా నవ్విందో తలుచుకుంది. ఒళ్ళో ఫోన్ మోగింది. అవనిగడ్డ నుంచి అత్త.

"ఏమే మల్లీ, సాయంత్రం మళ్ళీ తూచావా? ఇంకెంత పెరిగాడే నా కొడుకు?"

"పెరుగుతున్నాడని మురుస్తూ చంపబోయానత్తా," అంది మల్లేశ్వరి.