చిన్నాయన వచ్చాకే

పెద్దాయన కత్తెరను మరోసారి తుడిచాడు. తుడవాల్సినంత మురికేమీ దానికి లేదు. పొద్దుటి నుంచి అది ఒక్క తలనూ ముట్టుకోలేదు. ఎదురుగా గోడవార బెంచీ మీద మాత్రం మనుషులు మోచేతులు తగిలేంత ఇరుగ్గా కూర్చున్నారు. పెద్దాయన కుర్చీ ఖాళీగా ఉంది. పక్కనున్న తమ్ముడి కుర్చీ కూడా ఖాళీయే. అందరి చూపూ ఆ రెండోదాని మీదే.

"రండి, కూర్చోండి," అన్నాడు బట్టలకొట్టు గుమాస్తాతో.

"పర్లేదు పెద్దాయనా. నాకేం తొందర లేదు. చిన్నాయన వచ్చాకే."

"ఊరెళ్ళాడని చెప్పాను కదా."

"ఇవాళ దిగుతాడేమోనని ఓ ఆశ. ఆయన చేతిలో తల పెడితే సగం బరువు దిగిపోతుంది."

"జుట్టు బరువేనా?" అన్నాడు ఇంకొకడు. బెంచీ అంతా నవ్వింది.

"ఇదే మాట చిన్నాయన అనుంటే ఇంకా బాగుండేది," అన్నాడు గుమాస్తా. ఈసారి మరీ నవ్వారు.

పెద్దాయన పళ్ళు బిగబట్టాడు. కొట్టు తెరిచేదీ, ఊడ్చేదీ, కత్తులు నూరేదీ తను. తన చేతిలో ఎవరి చర్మమూ గీసుకుపోయింది లేదు. తమ్ముడు పొద్దెక్కాక ఈల వేసుకుంటూ వచ్చేవాడు. క్షవరం సగంలో వదిలేసి టీకి పోయి కబుర్లలో పడేవాడు. ఆ సగం తల మనిషి మెడచుట్టూ గుడ్డతో, అద్దంలో తనను చూసుకుని నవ్వుకుంటూ కూర్చునేవాడు. చెవి గీసుకుపోతే, "బావా, రెండోది అలుగుతుందేమో, దానికీ ఒకటి పెట్టనా?" అనేవాడు తమ్ముడు. ఆ చెవి మనిషే మళ్ళీ వచ్చి అదే కుర్చీ కోసం కాచుక్కూర్చునేవాడు! తలచుకుంటే పెద్దాయనకు ఒళ్ళు మండేది. తిన్నగా పనిచేసే చెయ్యి కంటే నవ్వించే నోరు ఎందుకంత ముద్దు ఈ మనుషులకు?

ఇంట్లోనూ అంతే. చల్లారిన అన్నం తనకు పెట్టి తమ్ముడికి వేడిగా వండేది భార్య. తమ్ముడి మాటలకు ఆమె కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వేది. తనతో ఇన్నేళ్ళ కాపురంలో అలా నవ్వింది లేదు. అన్నిటికంటే కోపం తన మీద తనకే. తన జుట్టు పెరిగిన ప్రతిసారీ తను పోయి కూర్చున్నదీ ఆ రెండో కుర్చీలోనే. తమ్ముడు మాత్రం ఒక్కనాడు కూడా అన్న ముందు మెడ వంచలేదు. గడ్డానికి పక్కవీధి కొట్టుకు పోయేవాడు. "నీ దగ్గర కూర్చుంటే పరీక్ష రాస్తున్నట్టుంటుంది అన్నా," అనేవాడు.

ఊరెళ్ళాడన్నది అబద్ధం. తమ్ముడు ఆసుపత్రిలో ఉన్నాడు. కాలేయం చెడిపోయింది. ఇక ఇంటికి రావడం ఉండదని డాక్టర్లు చెప్పేశారు. "ఈ అవతారంలో నన్నెవరూ చూడకూడదు," అని అన్నచేత ఒట్టు వేయించుకున్నాడు. ఆ ఒట్టు కోసం పెద్దాయన రోజూ బెంచీ ముందు నిలబడి అబద్ధమాడుతున్నాడు. నవ్వించి మెప్పు పొందేది తమ్ముడు. ఆ నవ్వుకు కాపలా తను.

మధ్యాహ్నం భార్య ఫోన్ చేసింది. "మీ తమ్ముడు గడ్డం గీయించుకుంటాడట. సామాను పట్టుకు రండి."

"పక్కవీధి వాణ్ణి పిలిపించుకోమను."

"మీరే కావాలంటున్నాడు. మీ పంతాలు తర్వాత. ముందు రండి."

అన్నానికి పోతున్నానని బెంచీకి చెప్పాడు. ఎవరూ కదల్లేదు.

ఆసుపత్రిలోనూ అదే తంతు. పక్క రోగి తన మంచాన్ని తమ్ముడి వైపు జరిపించుకున్నాడు. నర్సు పని లేకపోయినా అక్కడక్కడే తిరుగుతోంది.

"బేరాలెలా ఉన్నాయన్నా?"

"అన్నీ నీ బేరాలే. బెంచీ అరిగిపోతోంది."

"పాపం. జుట్టు పెరిగి ఒకళ్ళనొకళ్ళు పోల్చుకోలేరేమో." నవ్వబోతే దగ్గు వచ్చింది.

పెద్దాయన గిన్నెలో నురగ చేస్తూ, "పరీక్ష రాయడానికి ఇన్నాళ్ళకు తీరిక దొరికిందా?" అన్నాడు. గొంతు తను అనుకున్నదానికంటే కరుగ్గా పలికింది. భార్య గుడ్లురిమింది.

తమ్ముడు కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "ఆ పక్కవీధి వాడి దగ్గరైనా నవ్వించాలి అన్నా. ఎవరి దగ్గరైనా నవ్వించాల్సిందే. నీ దగ్గరైతే ఊరుకోవచ్చు."

పెద్దాయనకు ఆ మాట సంతోషం కలిగించలేదు. కోపం తెప్పించింది. ఇంత చిన్న మాట చెప్పడానికి మంచం పట్టాలా? కొట్టులో ఎవరూ లేని ఏ మధ్యాహ్నమో వచ్చి ఊరికే కూర్చోలేకపోయాడా? ఆ కోపంతోనే నురగ పూసి, కత్తి తీశాడు. చేతికి మాత్రం కోపం లేదు.

తమ్ముడు కళ్ళు మూసుకున్నాడు. ఏమీ మాట్లాడలేదు. కుడి చెంప పూర్తయింది. పెద్దాయన తలను అరచేతిలోకి తీసుకుని అటు తిప్పాడు. అది బరువుగా తిరిగింది. అప్పటిదాకా మణికట్టుకు తగులుతున్న ఊపిరి తగలడం మానేసింది.

"ఏమండీ..." అంటూ భార్య లేచింది.

"ఉండు. ఇటువైపు అవ్వలేదు."

ఎడమ చెంప, గడ్డం కింద మడత, ముక్కుకూ పెదవికీ మధ్య సందు, అన్నీ గీశాడు. తడిగుడ్డతో తుడిచాడు. అప్పుడు నర్సును పిలవమన్నాడు.

సాయంత్రం మూయడానికి కొట్టుకు వచ్చేసరికి బెంచీ నిండుగానే ఉంది.

"చిన్నాయన కబురేమన్నా తెలిసిందా?" అన్నాడు గుమాస్తా.

"వాడు ఊరెళ్ళలేదు. ఆసుపత్రిలో ఉన్నాడు. మధ్యాహ్నం పోయాడు."

బెంచీ గొల్లుమంది. గుమాస్తా తల కొట్టుకున్నాడు. "ఇన్నాళ్ళూ ఎందుకు దాచావయ్యా? ఒక్కసారి కళ్ళారా చూసుకునేవాళ్ళం కదా! నీకు మొదట్నుంచీ ఆయనంటే కుళ్ళు."

ఒట్టు సంగతి పెద్దాయన నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది.

"పొండి!" అని అరిచాడు. ఆ కొట్టులో ఆయన అరుపు ఎవరూ విని ఎరగరు. "అక్కడికే పొండి. ఇప్పుడు చూడొచ్చు. గడ్డం శుభ్రంగా ఉంది."

ఎవరు గీశారని ఒక్కరూ అడగలేదు. ఒకరినొకరు తోసుకుంటూ వీధిలోకి పరుగెత్తారు. చిన్నాయనకివ్వాలని ఎవరో తెచ్చిన జామకాయల సంచి బెంచీ మీదే ఉండిపోయింది. పైకాయకు తొడిమా, దాన్నంటిన ఆకూ ఇంకా పచ్చగానే ఉన్నాయి.