చేపముల్లు నేల

బిష్కెక్ నగరంలో చలికి గదులు వెచ్చబెట్టే రేడియేటర్లలోకి వేడినీళ్ళు వదిలిన రోజే పై అంతస్తులో గొట్టం పగిలింది. పైవాళ్ళు ఇంట లేరు. నీళ్ళు బురుల్ ఇంటి పెద్దగది కప్పులోంచి కారి, ఓక్ చెక్క నేల మీద మడుగు కట్టాయి.

మర్నాడు బావగారి కుటుంబం భోజనానికి వస్తోంది. తివాచీ లేని నేల మీద చుట్టాల్ని కూర్చోబెడితే ఆ మాట చచ్చేదాకా వినాలి. అందుకని బురుల్ నేల తుడిచి, ఆరీ ఆరకుండానే, ఉన్ని ముక్కలు కలిపి కుట్టిన తన పుట్టింటి తివాచీని మళ్ళీ పరిచేసింది. చుట్టాలు తిన్నారు, మెచ్చుకున్నారు, వెళ్ళారు. తడి మాత్రం కిందే ఉండిపోయింది. కొన్నాళ్ళకి తివాచీ ఎత్తి చూస్తే నేల మధ్యలో చెక్కలు ఉబ్బి పైకి లేచాయి.

బురుల్‌కి ఏడుపు కూడా రాలేదు, అంత ఓపిక లేదు. పగలంతా ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు పిండడం. ఇంటికొస్తే వంట, ఆపైన చూపు పోయిన అత్త అసిల్కాన్‌ని చెయ్యి పట్టుకుని మంచం దగ్గర్నుంచి బాత్రూముకి, అక్కణ్ణుంచి వంటింటికి తిప్పడం. భర్త మైరాంబెక్ ప్లాస్టిక్ షీటులాంటి లినోలియం చుట్ట తెచ్చి గోడకి ఆనించాడు. చెక్కలు పీకేసి ఇది పరిస్తే ఒక్క పూటలో అయిపోతుందన్నాడు. బురుల్ సరేనంది. ఆ సమయంలో ఇల్లే పీకేస్తానన్నా సరేననేది.

మర్నాడు పొద్దున్నే గదిలో అడుగుల చప్పుడైంది. అసిల్కాన్ వట్టి కాళ్ళతో, గోడవారగా, తలుపువైపు ఒక్కతే నడిచి వస్తోంది. ఎక్కడా తడుముకోవడం లేదు.

“అత్తయ్యా, ఆగండి, పడిపోతారు.”

“ఎందుకు పడతాను? మీ మామ చేపముల్లులా పేర్చాడు ఈ చెక్కల్ని. మొనలన్నీ తలుపువైపే. తివాచీ లేదు కదా, కాళ్ళకి తెలుస్తోంది.”

బురుల్ ఆవిడ పాదాల వంక చూసింది. “మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేం?”

“తివాచీ మీ అమ్మ చేత్తో కుట్టింది. నీ పెళ్ళికి వచ్చింది. తీసెయ్యమని ఏ నోటితో అనను?”

బురుల్‌కి ముందు కోపమే వచ్చింది. ఈ మంచితనం వల్ల ఇన్నేళ్ళూ తన నడుం విరిగింది కదా. తర్వాత కోపం కూడా అలిసిపోయింది. లినోలియం దుకాణంలో వాపసు ఇచ్చి రమ్మని మొగుడికి చెప్పింది. అతను గొణుక్కుంటూ తీసుకెళ్ళాడు.

ఇక రోజూ పని నుంచి వచ్చాక ఉలి పట్టింది. ఉబ్బిన చెక్కల్ని ఒక్కొక్కటే ఊడదీసి, అడుగున జిగురుగా పూసిన పాత తారు గీకింది. రేడియేటర్ పక్కన పెడితే పగులుతాయని, దూరంగా గాలాడేటట్టు పేర్చింది. ఈసారి నేల పూర్తిగా ఆరేదాకా ఓపిక పట్టింది. వంకరపోయిన చెక్కలకి బదులు బీరువా జరిపి, ఎవరూ చూడని చోటినుంచి మంచివి తీసింది. ప్రతి మొననీ తలుపువైపే తిప్పి అంటించింది. మైరాంబెక్ కొత్తలో ఊరికే చూశాడు, తర్వాత సిగ్గుపడి తనూ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని సాయం పట్టాడు. పని ముగిసిన రోజు తివాచీని గోడకి మేకులు కొట్టి వేలాడదీశాడు.

బురుల్ వంటింట్లో కూలబడి, బల్ల మీద తల వాల్చింది. గోళ్ళ నిండా తారు. మోకాళ్ళు తనవి కావన్నట్టున్నాయి. అత్తని టీకి తీసుకురావాలి, లేవాలి అనుకుంటూనే కళ్ళు మూసుకుంది.

టీ కెటిల్ మూత చప్పుడుకి తల ఎత్తింది. అసిల్కాన్ ఎదురుగా నిలబడి ఉంది. వేలు కప్పు అంచున పెట్టి టీ పోస్తోంది. కోడలైన నాటినుంచి ఈ ఇంట్లో టీ పోసింది బురుల్ ఒక్కతే.

“మీరెందుకు అత్తయ్యా, నేను పోస్తాగా.”

“కూర్చో. సగమే పోశాను, చూసుకో. సగమంటే ఇంకా కూర్చో, మళ్ళీ పోస్తానని. నిండుకప్పు, ఇక లేచి పొమ్మనాల్సినవాళ్ళకి.”

బురుల్ ఆ టీ మొత్తం తాగి, కప్పు మళ్ళీ అత్త ముందుకి జరిపింది.