విజయరాణి గారి ఏడుపు

జగ్గారావు మాట ఇచ్చేటప్పుడు వెనకాడే మనిషి కాడు. నిలబెట్టుకోవాల్సి వచ్చినప్పుడే ఆయనకు వేరే పనులు గుర్తొస్తాయి. ఈ సంగతి జీవమ్మకు తెలుసు. తెలిసీ, ఈ అరబ్బు దేశంలో, అవాలిలో తను వంట చేసే ఇంటి నుంచి ముహర్రక్ దాకా, ఇస్త్రీ చీర నలగకుండా కారులో బిగుసుకుని కూర్చుని వచ్చింది.

ఆ సాయంత్రం అక్కడ తెలుగువాళ్ల పాత సినిమాల పండుగ. మీనా సల్మాన్ రేవులో గోదాములున్న జగ్గారావే దానికి కర్త, కర్మ, క్రియ. డెబ్బై ఏళ్ల కిందట మద్రాసులో ఆయన నాయనమ్మ విజయరాణి ఉత్తమ నటిగా వెండి షీల్డు అందుకుంది. దాన్ని వేదిక మీద పట్టుగుడ్డ పరిచి పెట్టారు. ఆవిడకు ఆ బహుమతి తెచ్చిపెట్టింది ఒకే ఒక్క సన్నివేశం, భర్త శవం మీద పడి ఏడవడం. ఆ రీలులో ఇప్పుడు బొమ్మ మిగిలింది, శబ్దం పోయింది.

అసలా ఏడుపు విజయరాణిది కాదు. ఆవిడ మైకు ముందు ఏడిస్తే దగ్గినట్టుండేదట. తెనాలి నాటకాల నరసాయమ్మను పిలిపించి, తెర మీద విజయరాణి పెదాలు చూపిస్తూ ఏడిపించారు. బహుమతుల సభకు మాత్రం పిలవలేదు. తనే వెళ్తే గేటు దగ్గర గూర్ఖా ఆపేశాడని నరసాయమ్మ చచ్చేదాకా చెప్పుకుంది. ఆ నరసాయమ్మ కూతురే జీవమ్మ. అన్నం వారుస్తూ తల్లి నేర్పిన ఆ ఏడుపు ఆమెకు ఊపిరితో సహా వచ్చు. తెర మీద గడ్డం పైకి లేవగానే గాలి పీల్చాలి, తల వాలాకే గొంతు విప్పాలి.

అందుకే జగ్గారావు తెలుగు చర్చి కూటానికి వచ్చి మరీ, తెర పక్కన నిలబడి ఆ మూగబొమ్మకు ఏడుపు అందించమని ఆమెను బతిమాలాడు. వేదిక మీద తన తల్లి పేరు ఒక్కసారి చెబితే చాలంది జీవమ్మ. "అదెంత పనండీ" అన్నాడాయన.

ఇప్పుడు తెర పక్క చీకట్లో మైకు చేతికిస్తూ మాట మార్చాడు.

"పేరు సంగతి తర్వాత చూద్దాం జీవమ్మగారూ. ఇండియాలో మావాళ్లంతా లైవులో చూస్తున్నారు. నాయనమ్మ పరువు పోద్ది."

"మా అమ్మ పరువు మాటేంటండీ?"

"ఆవిడకి ఆ రోజే కూలి ముట్టింది కదండీ. ఇంకా పేరెందుకు?"

జీవమ్మకు ఒళ్లు మండిపోయింది. "మీ ఇంట్లో చావులకి కూడా కూలికే ఏడిపించుకుంటారు కామోసు," అంది.

ఆయన పళ్లు కొరుకుతూ వేదికెక్కి, "ఇక మా నాయనమ్మ ఏడుపు, ఆమె గొంతులోనే" అని ప్రకటించి దిగాడు. దీపాలు ఆరాయి. తెర మీద విజయరాణి శవం మీద పడింది, గడ్డం పైకెత్తింది. అలవాటు కొద్దీ జీవమ్మ గాలి పీల్చింది. విజయరాణి తల వాలింది. జీవమ్మ నోరు మూసుకుంది.

విజయరాణి చప్పుడు లేకుండా నోరు తెరిచి మూస్తూ ఉంది. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఏడుపు లేకపోయేసరికి అందరి కళ్లూ శవం మీదికి పోయాయి. శవం పొట్ట లేచి పడుతోంది. హాలంతా నవ్వులు.

జగ్గారావు పరుగున వచ్చాడు. "ఏడవండి. మీకు దణ్ణం పెడతాను, ఏడవండి."

"పేరు."

"ఎంత పొగరండీ మీకు."

"పేరు చెప్పండి."

ఆయన మైకు లాక్కున్నాడు. "ఈ ఏడుపు తెనాలి నరసాయమ్మగారిది," అని అరిచి, మైకు మళ్లీ ఆమె చేతిలో కుక్కాడు. అప్పటికి బొమ్మ అయిపోయి తెర తెల్లబడింది. అదీ హాస్యంలో భాగమే అనుకున్నారు జనం. నరసాయమ్మ పేరు విని ఇంకా గట్టిగా నవ్వారు.

అప్పుడొచ్చింది జీవమ్మకు ఏడుపు. ముందు ఊపిరి, తర్వాత గొంతు, తల్లి నేర్పినట్టే వచ్చింది. మైకును పమిటలో చుట్టి, రెండు చేతులతో పొట్టకు అదుముకుని ఏడ్చింది. అందులో ఒక్క ముక్క కూడా ఆ హాలుకు దక్కనివ్వలేదు.