గడప దాటని కొడుకు

"మా జయరాజు గడప దాటడు తల్లీ" అని చెప్పేటప్పుడు కరుణమ్మ ముఖం వెలిగిపోయేది. పెద్దముడియం దగ్గరి ఆ ఊళ్లో ఆ మాటకు విలువ ఉంది. పార్టీ కక్షలు రగిలిన రోజుల్లో బయటికి వెళ్లిన ఆమె తమ్ముడు తిరిగి రాలేదు. ఇంట్లో ఉన్న బిడ్డే బతికిన బిడ్డ అని అప్పటినుంచి ఆమె మనసులో పడిపోయింది. అందుకే ఈసారి ఎన్నికలు రాగానే కొడుక్కి ఫోను కొనిచ్చి తలుపు గడియ పెట్టింది.

ఎన్నికలు ముగిశాయి. పోలీసు బండ్లు వెళ్లిపోయాయి. ఇంటి వెనక బడి మైదానంలో రెండు పార్టీల ఇళ్ల పిల్లలూ కలిసి వాలీబాల్ ఆడుతున్నారు. జయరాజు మాత్రం కాలేజీ నుంచి వస్తే ఫోను మీదికి వంచిన తల ఎత్తడం లేదు.

ఒక సాయంత్రం బంతి గోడ దాటి వచ్చి, పెరట్లో కూచున్న అతని పాదానికి తగిలింది. పాదం పక్కకు జరిగింది. కళ్లు కదలలేదు.

కరుణమ్మ అది చూసింది. తాను గడియ తీసి ఎన్నో రోజులైంది. ఇప్పుడు వాడికే బయటి లోకం అక్కర్లేకుండా పోయింది.

బంతి తీసుకుని తానే మైదానానికి వెళ్లింది. "మావాడు ఫోను వదల్డు, వాణ్ని గూడా ఆడించుకోండప్పా."

"వాడు గడప దాటడని నువ్వే చెప్తివి కదక్కా" అని నవ్వాడు ఆడుతున్న పిల్లల్లో ఒకడైన వలి బాషా.

డ్రిల్లు మాస్టరు ప్రభాకర్ నవ్వలేదు. "ఫోను గుంజుకోవద్దు కరుణమ్మా. బయట భయమని చెప్తిమి, ఒంటిగా కూచోబెడితిమి, చేతికి అదొక్కటే ఇస్తిమి. వాడింకేం చేస్తాడు? అంతకంటే బాగుండేది చూపించల్ల."

"అయితే నాకు నేర్పించు సారూ."

కొంగు బిగించి కొట్టింది. బంతి నెట్టును వదిలేసి, పక్కింటి హజరాబీ మిద్దె మీద ఎండుతున్న మిరపకాయల్లో పడింది.

"ఎవురప్పా కొట్టింది?" అని పైనుంచి అరిచింది హజరాబీ.

"మా కొత్త ప్లేయరు, కరుణక్క" అన్నాడు వలి బాషా.

"ఏమే, నా మిరపకాయలు ఏ పార్టీ అని కొట్టినావే?"

మైదానమంతా పగలబడి నవ్వింది. అందులో ఇన్నేళ్లూ వినని అమ్మ నవ్వు విని జయరాజు పెరటి గుమ్మంలోకి వచ్చాడు.

"అట్ల గాదు మా, చెయ్యి నేరుగా రావల్ల."

"నోటితో చెప్తే నాకు రాదు. వచ్చి చూపించు."

చేతిలో ఫోను మోగింది. ఒక్క క్షణం తటపటాయించి, దాన్ని జేబులో వేసుకుని వచ్చాడు. అతను కొట్టిన బంతి కూడా మిరపకాయల్లోనే పడింది.

"తల్లీకొడుకులు నామీద పగబట్టినారు" అంది హజరాబీ, నవ్వు ఆపుకోలేక.

బిడ్డ కంటి ముందు ఉన్నంత మాత్రాన క్షేమంగా ఉన్నట్టు కాదు. మనిషి తోడు దొరకని పిల్లలే ఫోనును తోడు చేసుకుంటారు. ఆ తోడు ముందు మనమే ఇవ్వాలి.

ఇప్పుడు ఎవరైనా అడిగితే, "మావాడు ఇంటి పట్టున ఉండడు తల్లీ" అంటుంది కరుణమ్మ, అంతే గర్వంగా.