మోకాలి పైన

కృష్ణానగర్ వీధుల్లో నీళ్లు ఏరులా పారి, నిలబెట్టిన మోటారుసైకిళ్లను, తోపుడుబండ్లను ఈడ్చుకుపోయిన వరద ఏడు అది. అందరూ దాన్ని కరోనా ఏడంటారు. యూసుఫ్‌గూడ పల్లంలో కిరాయికుండే భిక్షానికి మాత్రం అది వరద ఏడే. మంచం కింద పెట్టుకున్న పెట్టుడు కాలు ఆ నీళ్లలో కొట్టుకుపోయింది. వాన తెరిపిచ్చాక అతని భార్య భూలక్ష్మి నాలా అంచు దాకా వెతికి, ఎవరిదో చెప్పు ఒకటి, కుక్కర్ మూత ఒకటి పట్టుకుని తిరిగొచ్చింది. కాలు దొరకలేదు.

భిక్షం ఒకప్పుడు సిపాయి. కార్గిల్ లడాయిలో మందుపాతర మీద అడుగేశాడు. కుడి పాదం పోయింది. గుడారం ఆస్పత్రిలో మోకాలి పైకి కోసేశారు. ఇంటికొచ్చాక సినిమాల్లో పని దొరికింది. యుద్ధం సీన్లలో అతని మొండికి డమ్మీ కాలు తగిలించి, లోపల ఎర్రరంగు తిత్తి పెట్టి పేల్చేవారు. కాలు ఎగిరిపోయేది. భిక్షం అరిచేవాడు. డైరెక్టరు కట్ చెప్పేవాడు. "నీకేందన్నా, నీ వేషం ఎవడూ గుంజుకపోలేడు" అని తోటి జూనియర్ ఆర్టిస్టులు ఏడిపించేవాళ్లు.

అతనికి నవ్వొచ్చేది కూడా. కానీ లోపల ఒక ముల్లు ఉండిపోయింది. దెబ్బ తగిలింది పాదానికి. మోకాలి పైకి ఎందుకు కోసినట్టు? మోకాలుంటే మనిషి మెట్లెక్కుతాడు, సైకిలు తొక్కుతాడు, కింద కూర్చుని తనంత తాను లేస్తాడు. కోసిన డాక్టరు పేరు కూడా తెలుసు. మేజర్ ఆనందకుమార్. మత్తివ్వబోతూ "ఏ ఊరు?" అని తెలుగులో అడిగాడు. యూసుఫ్‌గూడ అంటే "నాదీ అదే" అన్నాడు. ఆ తర్వాత మళ్లీ కనపడలేదు.

ఆ చలికాలం బస్తీవాళ్లు ఆయనకే సన్మానం తలపెట్టారు. ఆయన కర్నల్‌గా రిటైరై, జూబ్లీ హిల్స్‌లో కూతురు దీనా ఇంట్లో ఉంటున్నారు. ముందుండి నడిపించింది నిర్మాత సత్యనారాయణమూర్తి. మూర్తిది భీమవరం వైపు. సినిమాల కోసం వచ్చి యూసుఫ్‌గూడలో అద్దెకున్న రోజుల్లో, డాక్టరుగారి తల్లి కరుణాకుమారి అక్కడ నర్సమ్మ. మూర్తి పెద్దకూతురు ఆవిడ చేతుల్లోనే పుట్టింది. ఆ విశ్వాసం ఉంది ఆయనకి.

మూర్తి భిక్షాన్ని ఫిల్మ్‌నగర్ ఆఫీసుకి పిలిపించాడు.

"ఏవయ్యా భిక్షం, నీ కాలు కోసింది మన డాక్టరుగారేనంట కదా!"

"అవు సార్."

"ఎంత అదృష్టమయ్యా!"

భిక్షం చంకకర్ర సర్దుకున్నాడు.

"స్టేజీ మీదికొచ్చి నాలుగు ముక్కలు చెప్పు. నీకు కొత్త కాలు నేనిప్పిస్తాను. మోకాలు దగ్గర మడిచే రకం. ఆ రోజు డాక్టరుగారి చేతుల మీదుగా ఇచ్చేది మన సినిమాలకి రబ్బరు డమ్మీలు పోసే కమలాకర్ చేసిన కాలు. చూడ్డానికి. అసలుది తర్వాత కొలతలు తీసి చేయిస్తాను. మాట తప్పను."

ఆ నాలుగు ముక్కలు రాసింది సిద్ధార్థ అనే అసిస్టెంట్ డైరెక్టరు. పక్కగదిలో కూర్చోబెట్టి చదివి వినిపించాడు. "దేవుడు నాకు రెండు కాళ్లిచ్చాడు. డాక్టరుగారు ఒక కాలు తీసుకుని నిండు నూరేళ్లిచ్చారు." కాగితం దించాడు. "ఇక్కడ కొంచెం ఆగు అన్నా. గొంతు పూడాలి."

"గొంతు పూడకుంటే?"

"నీళ్లు తాగు. జనం అదే అనుకుంటారు."

ఇంటికొచ్చి భార్యకి చెప్పాడు. భూలక్ష్మి జూబ్లీ హిల్స్‌లో ఒకరింట్లో వంట చేస్తుంది. చేతులు తుడుచుకుంటూ విన్నది.

"చెప్పరాదు మరి. సినిమాలల్ల ఎన్నిసార్లు అరవలే? గిది గంతకన్న కష్టమా?"

"గవి సినిమాలు. గీయన నా కాలు నిజంగ కోసిండు. ఎందుకు కోసినవని అడగాల్నే."

"అడిగితే కాలు ఇయ్యరయ్యా."

"ఇయ్యరు."

"మొన్న బాత్రూంల పడ్డవ్. రేపు ఇంకోతాన పడ్తవ్. నేను పనికి పోవాల్నా, నిన్ను లేపుకుంట కూసోవాల్నా?"

భిక్షం చంకకర్ర గోడకానించి కంచం ముందు కూర్చున్నాడు. అన్నం తిని, సిద్ధార్థ రాసిన మాటలు బుద్ధిగా బట్టీ పట్టాడు.

ఫిల్మ్‌నగర్‌లో ఒక పెద్ద హాల్లో సభ. మాస్కులన్నీ గడ్డాల కిందికి దిగి ఉన్నాయి. ముందు తెర మీద డాక్టరుగారి జీవితం వేశారు. హెలికాప్టర్లు, మంచుకొండలు, డప్పుల సంగీతం. మధ్యలో ఒక సిపాయి కాలు పేలి ఎగిరిపోయింది. భిక్షం మెడ ముందుకు చాచాడు. అది తనే. ఏదో సినిమాలో ముక్క కోసి అతికించారు. చుట్టూ జనం అయ్యో అన్నారు. భూలక్ష్మి మాత్రం మోచేత్తో పొడిచి, "ఇందుల నువ్వు జర బొద్దుగున్నవ్" అంది.

డాక్టరుగారికి గజమాల వేశారు. వెండి కిరీటం పెట్టబోతే ఆయన తల పక్కకి తిప్పుకున్నారు. మైకు ఇస్తే కొంచెమే మాట్లాడారు. "మా నాన్న తొందరగా పోయాడు. అమ్మ జీతంతో డాక్టరు చదువు అయ్యేది కాదు. ఆర్మీ చదివించింది, అందుకే చేరాను. చేరాక వదలబుద్ధి కాలేదు. సిక్కింలో చేశాను, కాశ్మీరులో చేశాను, ఆఫ్రికాలో కొన్నాళ్లు చేశాను. నేను హెలికాప్టర్లో ఎప్పుడూ దిగలేదు. కంచరగాడిదల వెనక నడిచి వెళ్లేవాణ్ణి. దెబ్బ తగిలినవాళ్లలో చాలామంది బతికారు, కొంతమంది బతకలేదు. అంతే. ఉంటాను." వెళ్లి కూర్చున్నారు.

అప్పుడు భిక్షాన్ని పిలిచారు. చంకకర్ర టకటకలాడించుకుంటూ ఎక్కాడు. పట్టుబట్ట కప్పిన పళ్లెంలో కమలాకర్ చేసిన కాలు ఉంది. గోళ్లతో సహా. మైకు పట్టుకున్నాడు.

"దేవుడు నాకు రెండు కాళ్లిచ్చాడు," అన్నాడు. ఆగాడు. సిద్ధార్థ కింద నుంచి నీళ్లు తాగమని సైగ చేశాడు. భిక్షం నీళ్లు తాగలేదు. డాక్టరుగారి వైపు తిరిగాడు.

"సార్. నాకు దెబ్బ తాకింది పాదానికి. మీరు మోకాలి మీదికెల్లి కోసిండ్రు. ఎందుకు సార్?"

మూర్తి లేచి నిలబడ్డాడు. డాక్టరుగారు మెడలో దండ తీసి కుర్చీ మీద పెట్టారు. దగ్గరికొచ్చి భిక్షం మొహం చూశారు.

"నువ్వు నాకు గుర్తులేవు. కూర్చో. మొండి చూపించు."

భిక్షం స్టేజీ మీదే కూర్చుని ప్యాంటు మడిచాడు. ఆయన మోకాళ్ల మీద కూర్చుని వేళ్లతో తడిమారు. కుట్టు చివరి దాకా నిదానంగా తడిమారు.

"నా పనే. దెబ్బ తగిలినప్పుడు రక్తం ఆపడానికి కట్టు ఎక్కడ కట్టారు?"

"మోకాలి మీద సార్. దోస్తు బెల్టుతోని గట్టిగ బిగించిండు. కిందికి మోసుకొచ్చేసరికి పొద్దుగూకింది."

"కట్టకపోతే రక్తం పోయి అక్కడే చచ్చేవాడివి. కట్టినందుకు రక్తం అందక కిందంతా చల్లబడి ఉంటుంది. మోకాలు బతుకుతుందా లేదా తెలియాలంటే మర్నాటి దాకా ఆగాలి. బతక్కపోతే ఆ విషం ఒంట్లోకి ఎక్కేస్తుంది. అప్పుడిక నువ్వుండవు. నేను ఆగలేదు."

"ఆగితే దక్కునా సార్?"

మైకు భిక్షం చేతిలోనే ఉంది. హాలంతా వినపడుతోంది. డాక్టరుగారు మొండి మీద నుంచి చెయ్యి తీశారు.

"దక్కేదేమో."

ముందు వరసలో ఎవరో దగ్గారు.

"కానీ ఇవాళ అదే కాలు మళ్లీ నా ముందు పెట్టినా, నేను ఆగను."

ఇన్నేళ్లుగా భిక్షం రెండు జవాబులకు సిద్ధపడి ఉన్నాడు. తప్పయిందంటే ఏమనాలో అనుకున్నాడు. వేరే దారే లేదంటే ఏమనాలో అనుకున్నాడు. ఇది ఆ రెండూ కాదు.

"గంతే సార్?"

"అంతే."

"మంచిది సార్," అన్నాడు భిక్షం.

మూర్తి వచ్చి మైకు లాక్కుని, మన భిక్షం భావోద్వేగంలో ఉన్నాడని ఏదో చెప్పబోయాడు. డాక్టరుగారు పళ్లెంలో కాలు తీసుకుని బొటనవేలితో నొక్కారు. రబ్బరు లోపలికి పోయింది. "ఇది మనిషిని మోయదు. గోళ్లు మాత్రం బాగా చేశారు," అన్నారు. జనం నవ్వారు. మూర్తి నవ్వలేదు. డాక్టరుగారు భిక్షం చెవి దగ్గరికి వంగి, "చివర ఎముక పొడుచుకొస్తోంది. దానిమీద ఏ కాలు పెట్టినా నొప్పే. ముందు అది చూడాలి. రేపు పొద్దున ఇంటికి రా," అన్నారు.

బయట కార్ల దగ్గర మూర్తి ఎదురుపడ్డాడు. "కొంప ముంచావు కదయ్యా! ఇక ఆ కాలు సంగతి మర్చిపో" అని డోరు వేసుకున్నాడు.

ఆటోలో భూలక్ష్మి ఒడిలో రబ్బరు కాలు. ఆటో వెంకటగిరి వాలు దిగుతుండగా అతని వైపు తిరిగింది.

"మొత్తానికి అడిగినవ్."

"అడిగిన."

"దక్కేదేమో అన్నడు. కోపం రాలే?"

"రాలే. ఎందుకు రాలేదో తెలుస్తలేదు."

మర్నాడు పొద్దున్నే భిక్షం గడ్డం గీసుకున్నాడు. మొండిని వేడినీళ్లతో కడిగి పొడిగుడ్డతో తుడిచాడు. ఆటో మాట్లాడుకుని ముందు ఫిల్మ్‌నగర్ వెళ్లి, కమలాకర్ కాలు కమలాకర్‌కి ఇచ్చేశాడు. "పైలంగ పెట్టు, యుద్ధం సీనుకి పనికొస్తది" అన్నాడు. అక్కణ్ణుంచి జూబ్లీ హిల్స్‌లో డాక్టరుగారి ఇంటికి పోయాడు. గేటు దగ్గర వాచ్‌మన్ చంకకర్ర చూసి, ఏదో అడుక్కోవడానికి వచ్చాడనుకున్నాడు.

"ఎవరొచ్చిండ్రని చెప్పాలె?"

"సార్ పాత పేషెంటొచ్చిండని చెప్పు," అన్నాడు భిక్షం. గేటు పక్కన అరుగు మీద కూర్చుని ప్యాంటు మడుచుకున్నాడు.